ఎడమ కాలి చెప్పు

“రేపటికల్లా ఈ కుక్కను గొలుసుతో కట్టెయ్, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్!” ఒంటి చెప్పుతో, చేతిలో కర్రతో మెట్లెక్కి వచ్చి అరిచాడు ఇంటి ఓనరు కామేశ్వరరావు.

“ఇల్లన్న ఖాళీ జేస్త గని, దీన్ని కట్టెయ్య అంకుల్,” అంది పై వాటాలో అద్దెకుండే స్వర్ణలత.

“రోజూ నా ఎడమ చెప్పే ఎత్తుకుపోతుంది. దాని వెనక నాచారమంతా పరుగెత్తలేక చస్తున్నా. పిచ్చిపట్టింది దానికి!”

“పిచ్చి కాదు, మస్తు తెలివి. జర సూడుండ్రి.”

మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద రొట్టె ముక్క దాచి, చకచకా చోట్లు మార్చింది. ఆమె కుక్క బుల్లెట్ తడుముకోకుండా సరైన గ్లాసునే ముక్కుతో తోసేసింది. కానీ రొట్టె ముట్టలేదు. మూలనున్న చెప్పు తెచ్చి, కామేశ్వరరావుకు అందీ అందనంత దూరంలో పెట్టి, తోకాడిస్తూ నిలబడింది.

ఆయన కర్ర ఎత్తాడు. అది సంబరంగా గెంతింది.

స్వర్ణలతకు అప్పుడు తట్టింది. “అంకుల్, ఇది దొంగతనం కాదు, ఆట! నేను డ్యూటీకి పోయినంక దీంతోని ఉరికేది మీరొక్కరే. నా ఆట కన్న మీ ఆటనే దీనికి ఇష్టం.”

ఆయన కర్ర దించాడు. చెప్పు తొడుక్కుని దిగిపోయాడు.

మర్నాడు పొద్దున, ఖాళీ చేస్తానన్న మాట ప్రకారం సామాను సర్దుతూ స్వర్ణలత కిందికి తొంగిచూసింది. చెప్పులు రెండూ లోపలికి తీసుకుపోతున్న కామేశ్వరరావు గుమ్మంలో ఆగాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, ఎడమది మళ్లీ బయట పెట్టాడు.