గెలిచిన డీజిల్

వాడేసిన వంటనూనె నుంచి తాను తయారుచేసిన డీజిల్‌తో తమ కారు రేసులో గెలిచిందని, ఆమె కప్పు పట్టుకుని షెడ్డులోకి పరుగెత్తింది. మెకానిక్‌గా పనిచేసే భర్త ట్యాంకులో మిగిలినది బకెట్‌లోకి దించుతున్నాడు. వాసనకే ఆమెకు తెలిసిపోయింది. అది బంకులో కొన్న మామూలు డీజిల్.

"ఏంటండీ ఇది?"

అతని మొహం పాలిపోయింది. "నీది పోస్తే బండి మధ్యలో ఆగిపోతుందేమోనని భయమేసింది. నలుగురిలో నీ పరువు పోతుందని..."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రేసు నుంచీ."

ఆమె టైరు మీద కూలబడింది. మూడేళ్లుగా అందరూ చప్పట్లు కొట్టింది దీనికా!

"సరే, నాది పనికిరాలేదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇంతకీ ఎంత దూరం వెళ్లి ఆగిపోయింది?"

అతను బకెట్‌ను పక్కకు జరిపాడు.

"ఒక్కసారి కూడా పోసి చూడలేదు."