రామగుండం ఎండ, కాకినాడ ఉక్క

రెండువేల మూడు ఆగస్టులో ఇంగ్లండ్ ఉడికిపోయింది. బేసింగ్‌స్టోక్ షాపుల్లో ఒక్క ఫ్యాను మిగల్లేదు. హన్మంతు మాత్రం స్వెటర్ వేసుకుని తిరుగుతున్నాడు.

"ముప్పై ఆరు గూడ ఒక ఎండేనా? మా రామగుండంల నలభై ఏడు," అని రోజూ టీవీని వెక్కిరిస్తున్నాడు.

అలాంటి మనిషి కూతురు హాసిని పోయి పోయి కాకినాడ కుర్రాణ్ని ప్రేమించింది. పేరు అచ్యుత్. మంచి ఉద్యోగం, మంచి గుణం. హన్మంతుకు అభ్యంతరం ఒక్కటే.

"సముద్రం గాలికి పెరిగినోడు. రేపు నేను రిటైరై రామగుండం పోతె, ఎండకాలం అత్తగారింట్ల రెండు దినాలు నిలుస్తడా?"

"మీది ఉత్త ఎండే కదా అంకుల్. మాది ఉక్కండి. నీడలో కూర్చున్నా చొక్కా పిండుకోవాలి," అన్నాడు అచ్యుత్, అదేదో ఆస్తి అయినట్టు.

ఇక తేలాల్సిందే అన్నాడు హన్మంతు. ఆదివారం పదకొండింటికి, వంటింటిని ఆనుకుని ఉన్న అద్దాల గదిలో, కిటికీలన్నీ మూసి ఇద్దరూ స్వెటర్లతో ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు లేచినవాడు ఓడినట్టు. అచ్యుత్ లేస్తే మళ్లీ ఆ గడప తొక్కకూడదు. హన్మంతు లేస్తే పెళ్లి.

"డాడీ, దిస్ ఈజ్ మై లైఫ్," అంది హాసిని, కళ్లు తుడుచుకుంటూ.

"ఏడ్వకు బిడ్డా. పిలగాడు గంటల లేస్తడు," అంది తల్లి పుష్పలీల. "ఓడినోన్నైనా ఆకలితోని పంపొద్దు. నేను వంట జూస్త. నడిమి తలుపు తెరిచే ఉంచుతున్న, మీ మాటలు నాకినవడాలె."

వంటింట్లో నాలుగు పొయ్యిలూ వెలిగాయి.

మొదటి గంట హన్మంతుదే. కాలు మీద కాలేసుకుని కూనిరాగం తీశాడు. అచ్యుత్ మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. రెండుసార్లు తలుపు వంక చూశాడు. హాసిని అటు చూడలేక మొహం తిప్పుకుంది.

పన్నెండున్నరకి అద్దాలు మసకబారాయి. హన్మంతు కూనిరాగం ఆగింది. స్వెటర్ ఒంటికి అతుక్కుపోయింది.

"గాలి ఆడ్తలేదేంది?"

అచ్యుత్ మొహం తేటపడింది. "ఇప్పుడు హాయిగా ఉందండి. అచ్చం మా ఊళ్లో ఉన్నట్టే ఉంది."

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా హన్మంతు లేచాడు. తూలుకుంటూ వెళ్లి పెరటి తలుపు తీశాడు.

"చేస్కోండ్రి పెండ్లి. మీ కాకినాడోల్లు మనుషులు గాదు," అన్నాడు, రొప్పుతూ.

హాసిని తండ్రిని చెమటతో సహా వాటేసుకుంది.

పుష్పలీల టేకెవేకి ఫోన్ చేసి నలుగురికి భోజనాలు చెప్పి, పదకొండింటి నుంచి నాలుగు పొయ్యిల మీద మరుగుతున్న ఉత్త నీళ్లను సింకులో పారబోసింది.