నేలకు జానెడు ఎత్తున

రాజుగారి తోటలో అలాంటి చెట్టు మరొకటి లేదు. దాని కొమ్మలన్నీ నేలవైపే వాలి ఉండేవి. చూసినవాళ్లంతా "పాపం, ఏడుస్తోంది" అనేవారు. రోజూ ఆ చెట్టెక్కే కండచీమకు ఆ మాట విని విని ఉండబట్టలేదు.

"ఏం కష్టమొచ్చిందమ్మా నీకు?" అని అడిగేసింది.

"ఏడుపు కాదే తల్లీ! నన్ను వేరే చెట్టు మొదలు మీద అంటు కట్టారు. కింద ఉన్న వేళ్లు నావి కావు. మట్టిని ఒక్కసారి ముట్టుకుని చూడాలని వంగుతున్నాను. జానెడు దూరంలోకి రాగానే తోటమాలి కత్తిరించేస్తాడు."

అంటుండగానే కత్తెర ఆడింది. కొమ్మల కొసలు రాలిపడ్డాయి.

చీమ గబగబా దిగిపోయింది. మళ్లీ ఎక్కి వచ్చినప్పుడు దాని నోట మట్టి రేణువు ఉంది. దాన్ని మెల్లగా చివరాకు మీద పెట్టింది.

ఆకు నిలువెల్లా వణికింది.

"చూశారా, ఇంకా ఏడుస్తూనే ఉంది" అన్నారు తోట చూడవచ్చినవాళ్లు.