పెద్ద చెరువు కాలేజీ

బాతమ్మ కూతురు మందార ఈత కాలేజీలో చేరాలి.

"కుంటలో చేరతానమ్మా. అక్కడ తొమ్మిదిమందే. తాబేలు మాస్టారు అందర్నీ పేరు పెట్టి పిలుస్తారు," అంది మందార.

"తొమ్మిదిమందా! నలుగురిలో చెప్పుకోవడానికైనా బాగుండొద్దూ?" అంటూ బాతమ్మ దాన్ని పెద్ద చెరువు కాలేజీలో పడేసింది. అక్కడ ఐదువేలమంది పిల్లలు. గట్టు మీద ర్యాంకర్ల ఫ్లెక్సీ తాటిచెట్టంత ఉంది మరి.

నెల తర్వాత చూడ్డానికి వెళ్లింది.

"మా మందారను పిలవండి."

"పేర్లు తెలీవు, నంబరు చెప్పండి," అంది గేటు దగ్గర కొంగ.

బాతమ్మకు నంబరు గుర్తులేదు. కొంగ విసుక్కుంటూ ముక్కుకందిన పిల్లను పట్టుకొచ్చింది.

"నా బంగారమే, ఎంత చిక్కిపోయావే!" అని బాతమ్మ రెక్కల్లో పొదువుకుంది.

ఆ పిల్ల కాసేపు అలాగే ఒదిగి ఉండి, మెల్లగా అంది:

"నేను మీ మందారను కాదత్తయ్యా. అయినా తీసుకెళ్లండి. మా అమ్మకీ నంబరు గుర్తుండదు."