రెండో వాటా

ఆనర్ లావెల్ పేరు చెవిన పడగానే ముసలి ఫెస్టీ గాహన్ పొయ్యిలోకి తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏంటి నాన్నా, ఇంటికొచ్చిన మనిషి ముందు," కూతురు అట్రాక్టా టీ కప్పు అందిస్తూ విసుక్కుంది.

"నేను ఉమ్మింది ఈవిడ మీద కాదుగా."

ఆ వచ్చినావిడ లెనోర్. ఆస్ట్రేలియాలో నర్సుగా చేసి రిటైరయింది. విమానాలూ బస్సులూ మారి ఐర్లండ్‌లో మేయో జిల్లాలోని ఈ మూల ఊరికి వచ్చింది, తన పూర్వీకురాలు ఆనర్ గురించి ఒక్క మాట అడగడానికి.

చర్చి ముందు కరువు స్మారక శిల నిలబెడుతున్నారు. బంగాళాదుంపల పంట కుళ్ళిపోయిన ఆ రోజుల్లో ఊరు మరిచిపోకూడని మనుషుల పేర్లు దాని మీద చెక్కుతున్నారు. కమిటీకి పెద్ద ఫెస్టీ. ఆయన తల ఊపనిదే రాయి మీద అక్షరం పడదు.

"ఆనర్‌ని ఎక్కడ పూడ్చారో కూడా ఎవరూ చెప్పలేకపోతున్నారు," అంది లెనోర్. "సమాధి ఎలాగూ లేదు. కనీసం పేరైనా ఉండనివ్వండి."

"చోటు లేదమ్మా. ఒక్క వరుసే మిగిలింది. అది మా ఇంటి పిల్లకి."

"చోటు ఉంటే రాయిస్తారా?"

"రాయించను."

ఫెస్టీకి మొహమాటం అనేది పుట్టుకతోనే లేదు.

"ఆకలి అందరికీ ఉంది," అన్నాడు. "మతం మారితేనే పోసే గంజి కోసం ఇంగ్లీషు దొరల చర్చిలో చేరింది మాత్రం అదొక్కతే. మా వాళ్ళు చేరలేదు. చచ్చారు."

కరువు పోయి నూటయాభై ఏళ్ళు దాటినా 'గంజి తాగినవాళ్ళు' అన్న తిట్టు మాత్రం ఆ ఊరిని వదిలి పోలేదు.

"కన్నబిడ్డ కోసం చేరిందండీ. తల్లి అన్నాక ఇంకేం చేస్తుంది?"

"ఏ బిడ్డ?"

"మేరీ. మా ముత్తవ్వకి తల్లి. ఆ పిల్లని ఆనర్ గడప దాటనిచ్చేది కాదట. ఎవరి కంటా పడనిచ్చేది కాదట. కాస్త ఎదగ్గానే ఓడెక్కించి మా దేశం పంపేసింది. మా అమ్మమ్మ చెప్పేది."

ఫెస్టీ కప్పు కింద పెట్టాడు.

"చూడమ్మా, ఎవరో చెప్పిన కట్టుకథ పట్టుకుని మీరు ఇంత దూరం వచ్చారు. ఆనర్ కూతురు మేరీ దొరలు గంజి కేంద్రం తెరవకముందే పోయింది. మా ముత్తాత మేనమామే గొయ్యి తవ్వాడు. ఊరంతా ఎరిగిన సంగతి."

"మరి ఇద్దరి వాటా తెచ్చుకునేదట కదా? తనకొకటి, పిల్లకొకటి."

ముసలాయన పకపకా నవ్వాడు.

"అదా సంగతి. ఇది మాకూ తెలీదు. చచ్చిన కూతురి పేరు చెప్పి రెండో వాటా కూడా మింగిందన్నమాట."

లెనోర్ ముఖం పాలిపోయింది. అట్రాక్టా రొట్టె పళ్ళెం ఆవిడ వైపు జరిపింది కానీ ఆయన ఆగలేదు.

"మా ముత్తాతకి ఒక చెల్లెలు, సబీనా. రెండేళ్ళ పిల్ల. అమ్మా నాన్నా జ్వరంతో గుడిసెలోనే పోయారు. మేనమామ మా ముత్తాతని భుజాన వేసుకుని కొండ అవతలకి పోయాడు. చంటిదాని కోసం మర్నాడు తిరిగొస్తే గుడిసె ఖాళీ. కుక్కలే ఎత్తుకుపోయాయో ఏమో. ఊరంతా వెతికారు, గంజి తాగిన ఇల్లొక్కటి తప్ప. దాని గడప మా వాళ్ళు ఏనాడూ తొక్కలేదు."

ఆ మాట ఆయన గర్వంగానే అన్నాడు.

"అయితే నేను ఎవరి మనిషిని?" అంది లెనోర్.

అట్రాక్టాకి జాలేసింది.

"చుట్టరికాలు తేల్చే ఆ ఉమ్మి పరీక్ష చేయించారా మీరు? పోయిన క్రిస్మస్‌కి గాల్వేలో ఉన్న మా అమ్మాయి ఈ తాతగారి చేత ట్యూబులో ఉమ్మించి తన పేరు మీద పంపింది. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాడు."

"చేయించాను. దూరపు చుట్టాలంటూ ఎవరెవరి పేర్లో వస్తుంటాయి. చూడటం మానేశాను."

"మా అమ్మాయి పేరు వెతకండి. డెర్వ్‌లా మొనెల్లీ."

లెనోర్ కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీసింది. వేలు చాలాసేపు కదిలింది. ఒకచోట ఆగింది.

అట్రాక్టా వంగి చూసి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, ఈవిడ నీ రక్తం."

"లావెల్ వాళ్ళతో మనకి ఎప్పుడూ పెళ్ళిళ్ళు లేవు."

"లేవు నాన్నా."

ఫెస్టీ లెనోర్ ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి కుర్చీ పట్టుకుని లేచాడు.

"నా కోటు ఇలా ఇవ్వమ్మాయ్."

గుమ్మం దగ్గర ఆగి, అప్పటిదాకా 'మీరు' అన్న మనిషితో, "నువ్వు కూడా రా," అన్నాడు.

చినుకులు పడుతున్నాయి. చర్చి ముందు రాయి చెక్కే కోల్‌మన్ సుద్దముక్కతో గీసుకున్న చివరి పేరు మీద ఉలి ఆనిస్తున్నాడు.

"ఆగు. ఆ పేరు తుడిచెయ్."

"సబీనా పేరా? ఇది మీ ఇంటి పిల్లది కదయ్యా. దీని కోసం కమిటీ మొత్తంతో తగువు పెట్టుకున్నావు."

"తుడిచెయ్యరా. ఆనర్ లావెల్ అని రాయి."

కోల్‌మన్ నోరు తెరిచాడు.

"గంజి తాగిన ఆనరా?"

ఫెస్టీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఆయన కళ్ళు తడవడం కోల్‌మన్ ఏనాడూ చూడలేదు.

"సబీనా చావలేదు కోల్‌మన్," అన్నాడు చివరికి. "మా పిల్లకి తన కూతురి పేరు పెట్టి, ఆ గంజి పోసి, ఆనరే పెంచింది."