లెక్క ఎక్కడ తప్పింది?

కంప్యూటరు మళ్లీ మొండికేసింది. నల్లటి తెర మీద అంతసేపూ గబగబా పైకి పోయిన ఇంగ్లీషు అక్షరాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆఖరి వరుసలో 'ఎర్రర్' అని కనిపించింది. యాదమ్మ నుదురు టేబులుకు ఆనించి కళ్లు మూసుకుంది.

"అయిందా బిడ్డా?" గడప మీద కూర్చున్న తండ్రి సత్తయ్య అడిగాడు.

"కాలే నాయినా. మళ్ల మొదటికొచ్చింది."

"ఇగ ఇడిసిపెట్టు. పొద్దుగాల్నుంచి దాంతోనే కొట్లాడుతున్నవ్. జెరంత అన్నం తిను."

విడిచిపెడితే ఎట్లా? తెల్లవారితే సంగారెడ్డిలో కలెక్టరు ముందు విచారణ. గుమ్మడిదల పక్కనున్న వాళ్ల ఊళ్లో బోర్లన్నీ ఎర్రటి నీళ్లు కక్కుతున్నాయి. మందుల కంపెనీ వాళ్లు మాత్రం నింపాదిగా, "మా విషమే అనడానికి రుజువేది? ఎక్కడ దిగింది మీ భూమిలోకి? చూపించండి" అంటున్నారు. ఏ బోరులో ఎంత విషముందో పరీక్ష చేయించిన అంకెలు యాదమ్మ దగ్గరున్నాయి. వాటిని పట్టుకుని అది దిగిన చోటును లెక్కగట్టొచ్చు. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే పిల్ల కాబట్టి ఊరు ఊరంతా ఆ బరువు ఆమె నెత్తిన పెట్టింది. లోపలి గదిలో కాళ్లు వాచి మూలుగుతున్న తల్లిని చూస్తే ఎవరూ పెట్టకపోయినా ఆమే ఎత్తుకునేది.

అంత లెక్క చేతితో అయ్యేది కాదు. కొనే సాఫ్ట్‌వేర్ ధర వింటేనే కళ్లు తిరుగుతాయి. ఉచితంగా వచ్చేది వండి వడ్డించినట్టు రాదు. సోర్సు కోడ్ అనే ముడిసరుకు దించుకుని మనమే బిల్డ్ చేసుకోవాలి, అంటే కట్టుకోవాలి. అదీ విండోస్‌లో కాదు, లినక్స్‌లో. కంప్యూటరేమో కాలేజీ నుంచి బతిమాలి తెచ్చింది. అందులోని విండోస్ జోలికి పోతే ప్రిన్సిపాల్ ఊరుకోడు. అందుకని విండోస్ లోపలే వర్చువల్ మిషన్ అనే ఉత్తుత్తి కంప్యూటరును సృష్టించి, దాంట్లో లినక్స్ ఎక్కించింది. కూలీలు కిక్కిరిసిన ఇస్నాపూర్‌లో కిరాయి గదిని మళ్లీ ఇంకొకరికి కిరాయికిచ్చినట్టుంది దాని బతుకు. మెమరీ చాలక గంటగంటకీ ఊపిరి వదిలేస్తోంది.

వాకిట్లోకి మొగులయ్య వచ్చాడు. అతని బర్రెలు రెండూ ఆ నీళ్లు తాగే చచ్చాయి.

"ఏమన్న తేలిందా యాదమ్మా? రేపు అందరం లారీ కట్టుకొని వస్తున్నం. నీ మీదనే ఆశ."

"పిల్లను పరేషాన్ చెయ్యకు మొగులయ్యా. అయినంక చెప్తది, పో" అని సత్తయ్య కసిరాడు.

లైబ్రరీలనే కోడ్ ముక్కల్లో ఏది తక్కువైందో వెతికి పెట్టుకుని యాదమ్మ మళ్లీ మొదలుపెట్టింది. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని ఏడుస్తుంటే ఆమెకూ ఏడుపొచ్చింది. కరెంటు వచ్చాక మళ్లీ. పొద్దు వాలుతుండగా, ఎట్లా దయ తలచిందో ఏమో, ఎర్రర్ లేకుండా బిల్డ్ పూర్తయింది.

ఇక మిగిలింది 'చెక్'. బిల్డ్ అయిన సాఫ్ట్‌వేర్ లెక్కలు సరిగ్గా చేస్తోందో లేదో అదే తనను తాను పరీక్షించుకుంటుంది. ఆ పరీక్ష కాకుండా జవాబును నమ్మొద్దని దాని సూచనల్లో రాసే ఉంది. కానీ దానికి బిల్డ్‌కు పట్టినంత సేపు పడుతుంది. కరెంటుకు నమ్మకం లేని ఊళ్లో అంతసేపు ఎవరు కూర్చుంటారు? యాదమ్మ చెక్ దాటేసి బోర్ల అంకెలు ఎక్కించింది.

జవాబొచ్చింది. ఊరి నక్షా పరిచి ఆ చోట పెన్సిలుతో చుక్క పెట్టింది. కంపెనీ గోడ పక్కన కాదు, మురుగు వాగు ఒడ్డునా కాదు. అంకెలు మళ్లీ ఎక్కించింది. చుక్క అక్కడే పడింది. యాదమ్మ పెన్సిలు కింద పడేసింది.

"ఏమొచ్చింది బిడ్డా?" సత్తయ్య లేచొచ్చాడు.

"మన చెలక భూమి నాయినా. మూలన ఎండిపోయిన మన బోరు లేదా, అండ్లకెల్లి దిగిందంట ఇషం." పిచ్చిగా నవ్వి, వెంటనే వెక్కి వెక్కి ఏడ్చింది. "చెక్ చెయ్యకుంటే గిట్లనే అయితది. నా బిల్డే తప్పు. ఇది చూపిస్తే కంపెనోళ్లు మన ముఖం మీదనే నవ్వుతరు. మళ్ల కట్టుడుకు టైం లేదు. రేపు ఉత్త చేతులతోటి పోవుడే."

"ఏడ్వకు బిడ్డా."

"ఊరంతా నన్ను నమ్మింది నాయినా. అమ్మ ముఖం ఎట్ల చూడాలె?"

ఆ దిక్కుమాలిన వర్చువల్ మిషన్‌ను ఆనవాలు లేకుండా చెరిపేయాలనుకుంది. కంప్యూటరు 'నిజంగా తీసేయమంటారా?' అని అడిగింది. యాదమ్మ ముక్కు చీది, మీట మీద వేలు పెట్టింది.

సత్తయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తీసెయ్యకు బిడ్డా. అది కరెక్టే చెప్పింది. నా నౌకరి పర్మినెంటు చేస్తమంటే కంపెనీ ఇషపు నీళ్ల ట్యాంకర్లను ఆ బోరు కాడికి తోల్కపోయింది నేనే."