కొండ మీంచి దించిన విమానం

కొండకు కొట్టుకుని ముక్కలైన చిన్న విమానాన్ని ఆ సాయంత్రమే లారీలో తెచ్చి షెడ్డులో దించారు. నడిపిన పిల్ల అందులోనే ప్రాణం వదిలింది. ఆమె తండ్రి ఆ షెడ్డులోనే మెకానిక్కు. రాత్రికి ఇంటికి పోనని మొండికేశాడు.

"సరిగ్గా తనిఖీ చేసుకోకుండానే ఎక్కేసిందంటున్నారన్నా. రేపు రిపోర్టులో అదే రాసేస్తారట," అన్నాడు కాపలావాడు నసుగుతూ.

"నా కూతురా? గ్యాసు కట్టేసి కూడా వెనక్కొచ్చి మళ్ళీ చూసే మనిషిరా అది. ఎవరి కూతురనుకున్నావ్?"

కాపలావాడు గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. షెడ్డులో గాలి కూడా ఆగినట్టయింది. అప్పుడు, బ్యాటరీ ఊడదీసిన విమానం రేడియోలోంచి ఆమె గొంతు వినిపించింది.

"పెట్రోలు చూశాను. ఆయిలు చూశాను. చుక్కాని ఆడుతోంది."

ఆయన కదలకుండా విన్నాడు. తను నేర్పిన వరుసలోనే, ఒక్కటీ వదలకుండా చెబుతోంది. బడిలో బిడ్డ పాఠం అప్పజెబుతుంటే విన్నట్టు ఒక్కో మాటకీ తలాడించాడు.

"నాన్నా, ప్రొపెల్లర్ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఇంజను తిప్పేముందు పైలట్ అడగాల్సిన చివరి మాట అది. ఎవరూ లేరని కింద ఉన్నవాళ్ళు చెబితేనే తిప్పాలి. తొందరలో చాలామంది అడగరు.

"అదీ నా తల్లంటే!" అనుకున్నాడు. వంకరపోయిన ప్రొపెల్లర్ రెక్కకే ఆనుకుని ఉన్నాడాయన.

"ఎవరూ లేరమ్మా, తిప్పు," అన్నాడు గర్వంగా.

వీపు వెనక రెక్క మెల్లగా కదిలింది.